వెలిగిన తెర, తవ్విన చేయి

1

విజ్ఞానశాస్త్ర చరిత్రను మన పిల్లలకు చెప్పే పద్ధతి ఒకటి స్థిరపడిపోయింది. చెట్టు కింద కూచున్నవాడి ముందు పండు రాలింది, ఆకర్షణశక్తి బయటపడింది. చీకటిగదిలో కాగితం ముక్క వెలిగింది, ఎక్స్-రే బయటపడింది. మహానుభావుడు ఒకడు, శుభముహూర్తం ఒకటి, కాస్త అదృష్టం - ఈ మూడూ కలిస్తే చాలు, చరిత్ర పూర్తవుతుంది. పురాణంలో వరప్రసాదం ఎటువంటిదో పాఠ్యపుస్తకంలో యాదృచ్ఛికం అటువంటిది. వరమిచ్చే దేవుణ్ణి తీసివేశారు గాని, వరం మాత్రం అలాగే వుండిపోయింది.

నేను తెలుగు సాహిత్యం బోధించే ఉద్యోగిని. భౌతిక, రసాయన శాస్త్రాలు నా పాఠ్యవిషయాలు కావు. అయినా ఈ వ్యాసం రాయటానికి రెండు కారణాలు వున్నాయి. కావ్యాన్ని సమాజం నుంచి విడదీసి, దానికి కవి ప్రతిభ ఒక్కటే మూలమని చెప్పే విమర్శను అభ్యుదయ సాహిత్యం ఏనాడో తిరస్కరించింది. అదే వాదం శాస్త్రచరిత్రలో నిశ్చింతగా బతుకుతూంటే మనం చూస్తూ వూరుకోవటం న్యాయం కాదు. ఇది మొదటి కారణం. రెండవది నేను వున్న చోటు. బేతంచెర్ల రాళ్ళ ఊరు. ఇక్కడి నాపరాయి బండలు ఎన్ని జిల్లాల ఇళ్ళలో పరచివున్నాయో లెక్కలేదు. ఈ చుట్టుపట్ల నేలలో నాపరాయితో పాటు బలపపురాయి వుంది, పలుగురాయి వుంది, ముగ్గురాయి వుంది. ముగ్గురాయిని ఖనిజశాస్త్రంలో బెరైటీస్ అంటారు. రసాయనికంగా అది బేరియం సల్ఫేటు. రాంట్జెన్ గదిలో వెలిగిన కాగితం మీద పూసినది కూడా ఒక బేరియం లవణమే.

అతని బేరియం మన సీమ నుంచి పోయినదని నేను అనటం లేదు. యూరప్‌కు తన ముగ్గురాయి తనకు వుంది. నేను చెప్పదలచినది వేరు. ఎక్స్-రే చరిత్రను కిరణం వైపు నుంచి కాక తెర వైపు నుంచి, తెర మీది రాతి వైపు నుంచి చదివితే అది ఒక మహాపురుషుడి కథగా మిగలదు. అనేకమంది చేతుల కథ అవుతుంది. ఆ చేతులలో కొన్నిటికి పేర్లు వున్నాయి. చాలావాటికి లేవు. ఆ లేని పేర్లను గురించి ప్రశ్నించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

2

కథ ఒక చెప్పులు కుట్టేవాడితో మొదలవుతుంది.

పదిహేడవ శతాబ్ది తొలి సంవత్సరాలలో, 1602 ప్రాంతంలో, ఇటలీలోని బొలోన్యా నగరంలో విన్సెంజో కాషారోలో అనే చర్మకారుడు వుండేవాడు. రాతిని బంగారం చేయాలనే రసవాదపు మోజు అతనికి వుండేది. ఆ ఊరికి దగ్గరలో మోంటె పదెర్నో అనే కొండ మీద అతనికి కొన్ని రాళ్ళు దొరికాయి. అవి చూపుకు మామూలు రాళ్ళే. చేతికి తీసుకుంటే మాత్రం అసాధారణమైన బరువు. అంత బరువైన రాతిలో విలువైన లోహం వుండకపోదని తలచి, వాటిని బొగ్గులతో కలిపి కాల్చాడు. బంగారం రాలేదు. కాని కాలిన రాతిని పగలు ఎండలో వుంచి, చీకట్లోకి తెచ్చి చూస్తే అది నివురు తీసిన నిప్పులాగా కొంతసేపు ఎర్రగా వెలిగింది.

అది ముగ్గురాయి. నీటికంటె నాలుగున్నర రెట్లు బరువు. మన నాపరాయి రెండున్నర రెట్లకు కాస్త మించుతుంది, అంతే. బొగ్గు దానిలోని ఆక్సిజన్‌ను లాక్కోవటంతో బేరియం సల్ఫేటు కొంత బేరియం సల్ఫైడుగా మారింది. ఆ వెలుగుకు కారణం రాతిలో లేశమాత్రంగా కలిసివున్న రాగి అని ఈ శతాబ్దపు పరిశోధకులు తేల్చారు.

"బొలోన్యా రాయి" యూరప్ పండితులలో పెద్ద వివాదం లేవదీసింది. కాంతి ఒక పదార్థమా, కేవలం ఒక గుణమా? రాయి ఎండను స్పాంజి నీటిని పీల్చినట్లు పీల్చుకుంటున్నదా? గెలీలియో ఈ రాతిని తోటి పండితులకు చూపించి, అరిస్టాటిల్ వాదులను ఇరుకున పెట్టాడు. పెద్దపెద్ద గ్రంథాలలో ఇరుక్కున్న తర్కానికి చెప్పులు కుట్టేవాడి కుంపటి నుంచి వచ్చిన ఒక రాతిముక్క సమాధానం అడిగింది. చేతిపని లేకుండా సిద్ధాంతం ఒక్క అడుగు కూడా వేయలేదనటానికి ఇంతకంటె మంచి ఉదాహరణ అక్కరలేదు.

3

తరువాతి రెండు వందల యాభై ఏళ్ళలో ఈ వెలుగు మాంత్రికుల చేతినుంచి రసాయనికుల చేతికి వచ్చింది. 1774లో స్వీడన్ దేశంలో మందుల దుకాణంలో పనిచేసే షీలే ఈ బరువు రాతిలో ఒక కొత్త మూలకం దాగివున్నదని గుర్తించాడు. 1808లో డేవీ విద్యుత్తు సాయంతో దాన్ని విడదీశాడు. "బరువైన" అనే అర్థమిచ్చే గ్రీకు మాట నుంచి దానికి బేరియం అనే పేరు వచ్చింది. ఆ గ్రీకు మాటకు సంస్కృతంలోని "గురు" శబ్దం జ్ఞాతి అని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. పేరులోనే బరువు వున్నదన్న సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. ముందు ముందు అన్ని ముడులూ ఈ బరువు దగ్గరే విడిపోతాయి.

1852లో ఇంగ్లండులో స్టోక్స్, క్వినైన్ ద్రావణం మీద కంటికి కనబడని అతినీలలోహిత కాంతి పడితే అది నీలంగా వెలగటాన్ని పరిశీలించి, ఈ ధర్మానికి ఫ్లోర్‌స్పార్ అనే ఖనిజం పేరు మీదుగా ఫ్లోరొసెన్స్ అని పేరు పెట్టాడు. మనం ప్రతిదీప్తి అంటున్నాము. కిరణం ఆగిన వెంటనే వెలుగు ఆగితే ప్రతిదీప్తి. కిరణం ఆగిన తరువాత కూడా బొలోన్యా రాతిలో వలె వెలుగు నిలిస్తే స్ఫురదీప్తి.

ఇందులో జరిగేదేమిటి? పెద్ద నోటు ఇచ్చి చిల్లర పుచ్చుకోవటం వంటిదే. కంటికి కనబడని కిరణానికి శక్తి ఎక్కువ. అది పెద్ద నోటు. ఆ నోటు కంటి దగ్గర చెల్లదు. ప్రతిదీప్తి గల పదార్థంలోని ఎలక్ట్రాన్లు ఆ శక్తిని తీసుకొని పైస్థాయికి పోయి, కిందికి దిగేటప్పుడు చిన్న చిన్న మొత్తాలుగా, కంటికి చెల్లే వెలుగుగా తిరిగి ఇస్తాయి. షావుకారు కమీషన్ పట్టుకున్నట్లు కొంత శక్తి వేడిగా పోతుంది. కాబట్టి వచ్చిన వెలుగు ఎప్పుడూ ఇచ్చిన కాంతికంటె తక్కువ శక్తి గలది. స్టోక్స్ కనుగొన్న నియమం సారాంశం ఇదే.

ఈ చిల్లర మార్చే పదార్థాలలో ప్లాటినం, సయనైడు కలిసిన లవణాలు మంచివని ఆ శతాబ్దం ఉత్తరార్ధంలో తెలిసింది. వాటిలో బేరియం ప్లాటినోసయనైడు ఆకుపచ్చగా వెలిగేది. దాన్ని కాగితానికి పూస్తే తెర తయారవుతుంది. కనబడని కిరణాలను పట్టుకునే వలగా ప్రయోగశాలలు దాన్ని వాడుకునేవి. ప్లాటినం ధర వల్ల ఖరీదైన వల అది.

4

1895 నవంబరు 8న వుర్జ్‌బర్గ్ నగరంలో రాంట్జెన్ గదిలో వెలిగింది అటువంటి తెరే. గాలి తీసివేసిన గాజుగొట్టాన్ని నల్లని అట్టతో కప్పి, దానిలోకి విద్యుత్తు పంపితే, దూరంగా వున్న తెర వెలిగింది.

ఇక యాదృచ్ఛికవాదాన్ని పరీక్షిద్దాము. ఆ గాజుగొట్టం ఎక్కడిది? 1850లలో బాన్ నగరంలో హైన్రిక్ గైస్లర్ అనే గాజుపనివాడు మెరుగైన పంపు తయారుచేసి, గొట్టంలోని గాలిని అంతకుముందు ఎవరూ తీయనంతగా తీయగలిగాడు. ఆ విద్య లేకపోతే ఈ ప్రయోగమే లేదు. గొట్టంలోకి విద్యుత్తును తోసే తీగచుట్టను మెరుగుపరచిన రూంకోర్ఫ్ పారిస్‌లో పరికరాలు చేసే పనివాడు. తెర మీది లవణం వెనక షీలే కుంపటి వుంది, దాని వెనక కాషారోలో కుంపటి వుంది. ఆ రాత్రి గదిలో రాంట్జెన్ ఒంటరిగా వున్నాడన్నది పైచూపు మాత్రమే.

మరి, అదే గొట్టం, అదే విద్యుత్తు ఇతరుల దగ్గరా వుండెను గదా, వారికెందుకు దొరకలేదు? 1890 ఫిబ్రవరిలోనే అమెరికాలోని ఫిలడెల్ఫియాలో గుడ్‌స్పీడ్ ప్రయోగశాలలో ఒక ఫొటో పలక మీద ఎక్స్-రే నీడలు పడ్డాయి. అవి ఏమిటో అర్థంకాక పలకను పక్కన పెట్టారు. ఇక ఫిలిప్ లెనార్డ్ సంగతి మరీ ముఖ్యమైనది. గొట్టానికి పలుచని అల్యూమినియం కిటికీ పెట్టి, కాథోడ్ కిరణాలను వెలుపలికి తెచ్చినవాడు అతడే. రాంట్జెన్ మొదలుపెట్టింది అతని ప్రయోగాలతోనే. కాని లెనార్డ్ వాడిన తెర వేరు. దానికి పూసినది ఒక కీటోను. కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ అనే తేలిక పరమాణువుల సమ్మేళనం. కాథోడ్ కిరణాలకు అది చక్కగా వెలిగేది. ఎక్స్-కిరణం తేలిక పరమాణువులను దాటుకొని పోతుంది గనుక దానికి మాత్రం దాదాపు గుడ్డిది. రాంట్జెన్ తెరలో బేరియం వుంది, ప్లాటినం వుంది. పరమాణు సంఖ్యలు 56, 78. ఈ బరువైన పరమాణువులు కిరణాన్ని ఆపగలిగాయి, ఆపినందువల్లే వెలిగాయి. ఇద్దరి మధ్య తేడాలో కాగితానికి పూసిన రసాయనం పాత్ర అంత పెద్దది. ఈ లెనార్డే తరువాత హిట్లర్‌ను కొలిచి, ఐన్‌స్టీన్‌ను యూదుడని ద్వేషించి, "జర్మన్ భౌతికశాస్త్రం" అనే జాతివాదపు గ్రంథం వెలువరించాడు. శాస్త్రం జాతి రక్తంలో పుడుతుందని వాదించిన మనిషికి స్వంత అనుభవంలో ఎదురైన సత్యం మాత్రం అది రసాయనంలోనూ పనిముట్టులోనూ పుడుతుందన్నదే.

రాంట్జెన్ ఘనతను తగ్గించటం నా ఉద్దేశం కాదు. కాథోడ్ కిరణాలు గాలిలో కొద్ది అంగుళాలకు మించి పోవని అతనికి తెలుసు. తెర రెండు మీటర్ల దూరాన కూడా వెలుగుతున్నది. కనుక ఇది వేరే కిరణమై వుండాలని తర్కించి, ఏడు వారాలపాటు పుస్తకాన్ని, చెక్కను, లోహాలను, చివరకు భార్య చేతిని అడ్డుపెట్టి పరీక్షించి, డిసెంబరు 28న నివేదిక సమర్పించాడు. తెలియని దానికి "ఎక్స్" అని పేరు పెట్టిన వినయం అతనిది. పేటెంటు తీసుకోలేదు. 1901లో భౌతికశాస్త్రానికి మొట్టమొదటి నోబెల్ బహుమతి వస్తే ఆ డబ్బు విశ్వవిద్యాలయానికి ఇచ్చివేశాడు. వ్యక్తి ప్రతిభ చరిత్రలో లేదని మనం ఏనాడూ అనలేదు. అది గాలిలో నిలబడదని మాత్రమే అంటున్నాము. స్వయంగా ఎక్స్-రేలతో స్ఫటికాలను శోధించిన కమ్యూనిస్టు శాస్త్రజ్ఞుడు బెర్నాల్, 1954లో వెలువడిన తన "చరిత్రలో విజ్ఞానశాస్త్రం" గ్రంథంలో వృత్తిపనులకూ శాస్త్రానికీ గల ఈ బాంధవ్యాన్నే విస్తారంగా నిరూపించాడు.

5

1896 తెరల సంవత్సరం. ఫిబ్రవరిలో న్యూయార్కులో మైకేల్ ప్యూపిన్, ఫొటో పలకకు ప్రతిదీప్తి తెరను ఆనించి చిత్రం తీశాడు. చాలాసేపు కదలకుండా కూర్చోవలసిన రోగికి కొద్ది నిమిషాలు చాలినవి. పలక మీద నేరుగా పడిన కిరణంకంటె తెర మార్చి ఇచ్చిన వెలుగే చిత్రాన్ని ఎక్కువగా గీసింది. తెర మెరుగైన కొద్దీ రోగి ఒంట్లోకి పోయే కిరణం తగ్గుతుంది. ఆనాటి నుంచి ఈనాటి వరకు తెరల చరిత్ర సారాంశం ఇదే.

ఆ సంవత్సరమే ఎడిసన్ తన పనివాళ్ళ చేత వందలాది రసాయనాలను పరీక్షింపజేసి, ప్లాటినం లవణంకంటె చవకైన కాల్షియం టంగ్‌స్టేటు బాగా వెలుగుతుందని తేల్చాడు. టంగ్‌స్టన్ పరమాణు సంఖ్య 74, మళ్ళీ బరువే. ఆ తెరను ఒక పెట్టెకు బిగించి కంటికి పెట్టుకుంటే కదిలే ఎముకలను నేరుగా చూడవచ్చు. ఎడిసన్ దాన్ని న్యూయార్కు ప్రదర్శనలో పెట్టి జనానికి చూపించాడు.

ఈ పరీక్షలలో రోజూ తన చేతిని కిరణానికి అడ్డుపెట్టి తెర వెలుగును చూసినవాడు క్లారెన్స్ డాలీ. అతడూ గాజుపనివాడే. చేతులకు పుండ్లు లేచాయి, కేన్సరు వచ్చింది, ఒకదాని తరువాత ఒకటిగా చేతులు తీసివేయవలసి వచ్చింది. 1904 అక్టోబరులో, నలభై ఏళ్ళు నిండకుండానే మరణించాడు. ఎడిసన్ భయపడి ఎక్స్-రే పని మానుకున్నాడు. యజమానికి మానుకునే స్వేచ్ఛ వుండెను. గైస్లర్ ఊదిన గాజుతో మొదలైన ఈ చరిత్రలో మరో గాజుపనివాడి రెండు చేతులూ పోయాయి. హాంబర్గ్‌లో 1936లో కిరణాలకు బలైన వైద్యులు, శాస్త్రజ్ఞులు, సహాయకుల పేర్లతో ఒక స్మారకం నిలబెట్టారు. మొదట దానిపై 169 పేర్లు వున్నాయి. తరువాత మరిన్ని చేరాయి.

తెరను గురించిన ఒక తప్పు ఊహ కూడా చరిత్రకు మేలే చేసింది. గాజు వెలిగే చోటనుంచే ఎక్స్-కిరణం వస్తున్నది గదా, అయితే వెలిగే పదార్థాలన్నీ ఎక్స్-కిరణాలు ఇస్తాయా అనే ప్రశ్న పారిస్‌లో లేచింది. హెన్రీ బెకరెల్ దాన్ని పరీక్షించటానికి ప్రతిదీప్తి గల యురేనియం లవణం తీసుకున్నాడు. ఎండ లేని రోజులలో బీరువాలో పెట్టిన పలక కూడా నల్లబడింది. వెలుగుకూ దీనికీ సంబంధం లేదని తేలింది, రేడియోధార్మికత బయటపడింది.

6

ఈ కిరణం మన దేశానికి ఎవరి వెంట వచ్చింది? ఒక దారి సైన్యంది. 1897-98లో వాయవ్య సరిహద్దున అఫ్రీదీ తెగల మీద బ్రిటిషువారు జరిపిన తీరా దండయాత్రకు బీవర్ అనే సైనిక వైద్యుడు ఎక్స్-రే పరికరాన్ని కొండలలోకి మోయించుకొని పోయాడు. సామ్రాజ్యపు సైనికుల ఒంట్లో దిగిన గుండ్లు ఎక్కడున్నాయో వెదకటం దాని పని. సామ్రాజ్యపు గుండు దిగిన అఫ్రీదీ రైతు కోసం కాదు. రెండవ దారి వేరు. ఆ సంవత్సరాలలోనే కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో జగదీశ్ చంద్ర బోస్ సొంతంగా పరికరం అమర్చుకొని, డాక్టర్ నీలరతన్ సర్కార్ కోసం రోగుల విరిగిన ఎముకలను పరీక్షించి పెట్టాడు. పరికరం ఒకటే, ఎవరి చేతిలో వున్నది, ఎవరిని చూస్తున్నది అనేదే తేడా.

దక్షిణాఫ్రికా బంగారు గనులలో ఈ తేడా చట్టంగానే రూపొందింది. పలుగురాతి ధూళి వల్ల గనిపనివారి ఊపిరితిత్తులు రాయిగా మారుతున్నాయని తేలాక, 1916లో ఏర్పడిన వైద్యసంస్థ తెల్ల కార్మికులకు నియమంగా ఎక్స్-రే తీయసాగింది. అదే ధూళి పీల్చిన నల్లజాతి కార్మికులను వరుసగా నిలబెట్టి, పైపైన చూసి, బరువు తూచి పంపేవారు. ఊపిరితిత్తి రంగు ఇద్దరికీ ఒకటే. తెర ముందు నిలబడే హక్కు మాత్రం ఒక్కరికే.

7

ఇక మన సీమకు వద్దాము. 1800లో నిజాము కుంపిణీకి దత్తం చేసిన జిల్లాలివి. 1928లో నంద్యాల సభలో ఈ ప్రాంతానికి రాయలసీమ అని పేరు పెట్టుకున్నారు. కాని 1933లో భారత భూగర్భ సర్వే తరఫున కూల్సన్ ఈ ప్రాంతపు బెరైటీస్ మీద గ్రంథం ప్రచురించినప్పుడు, దాని శీర్షికలో "దత్తమండలాలు" అనే మాటే వుంది. కర్నూలు, కడప, అనంతపురం జిల్లాలలో ముగ్గురాయి పొరలు ఎక్కడెక్కడ వున్నాయో అది వివరిస్తుంది. రాయి ఎక్కడుందో సర్కారుకు తెలుసు. మనుషులు తమను తాము ఏమని పిలుచుకుంటున్నారో పట్టలేదు. తరువాతి కాలంలో పాత కడప జిల్లాలోని మంగంపేటలో దొరికిన నిక్షేపం ఒకేచోట వున్న వాటిలో ప్రపంచంలోనే పెద్దదిగా పేరు పొందింది. ఆ రాయిలో అధికభాగం చమురు బావులు తవ్వే కంపెనీలకు పోతుంది. బావి అడుగునుంచి తన్నుకొచ్చే ఒత్తిడిని అదిమివుంచటానికి బురదలో దాన్ని కలుపుతారు. అక్కడా పనికొచ్చేది బరువే.

వైద్యంలో ఈ మూలకం మూడు రూపాలు ఎత్తింది. ఒకటి, తొలినాటి వెలిగే తెర. రెండు, మింగే మందు. 1910 నుంచి రోగి చేత బేరియం సల్ఫేటు తాగించి జీర్ణకోశాన్ని తెర మీద చూస్తున్నారు. నీటిలో కరిగే బేరియం లవణాలు విషం. ఇది కరగదు గనుక, శుద్ధిచేసి ఇస్తే వచ్చిన దారినే పోతుంది. మూడు, కాపాడే గోడ. కిరణం పక్క గదిలోకి పోకుండా ఎక్స్-రే గది గోడలకు బెరైటీస్ కలిపిన గార పూస్తారు. ఇప్పుడు నాలుగవ రూపం కూడా వుంది. 1980ల మొదట్లో జపాన్‌లోని ఫూజీ సంస్థ, ఫిల్ముకు బదులు బేరియం, ఫ్లోరిన్ కలిసిన ఒక లవణానికి యూరోపియం చేర్చి పలకలు తయారుచేసింది. ఎక్స్-రే నీడను అవి దాచుకొని, లేజరు తగిలినప్పుడు వెలుగుగా అప్పగిస్తాయి. కంప్యూటరు దాన్ని బొమ్మగా రాసుకుంటుంది. ఎండను దాచుకున్న బొలోన్యా రాతికి ఇది మునిమనవరాలే.

సీమ ప్రజలు తెర ముందు నిలబడిన చరిత్ర కూడా వుంది. నాటి చిత్తూరు జిల్లాలో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయరోగ ఆస్పత్రి 1915 నుంచి పనిచేసింది. డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దానికి ఆద్యుడు. 1936లో బ్రెజిల్‌లో డాక్టర్ అబ్రూ ఒక చవక పద్ధతి కనుగొన్నాడు. పెద్ద ఫిల్ము వాడకుండా, రోగి ముందున్న ప్రతిదీప్తి తెరనే చిన్న కెమెరాతో ఫొటో తీయటం. రియో నగరపు బీదలకోసం పుట్టిన ఈ ఉపాయమే 1950-55 మధ్య మదనపల్లె చుట్టుపక్కల పల్లెలకు వచ్చింది. రోగం వుందని ఆస్పత్రికి వచ్చినవారిని మాత్రమే కాక, ఊరు ఊరంతటినీ పరీక్షించారు. యోహానెస్ ఫ్రిమోట్-మోలర్ రాసిన ఆ నివేదిక 1960లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పత్రికలో వెలువడింది. 1955-58 నాటి జాతీయ సర్వే కూడా ఇటువంటి బండ్లతోనే జరిగి, క్షయ పట్టణాల రోగమనే నమ్మకాన్ని పడగొట్టింది. పల్లెలలోనూ అది దాదాపు అంతే వున్నదని తేలింది. తెర ఊళ్ళోకి వచ్చినందువల్లే ఊరి రోగం లెక్కకు వచ్చింది. చూడనంతకాలం లేదనుకున్నారు.

8

ఇక్కడే అసలు ప్రశ్న. తెర ఊళ్ళోకి వచ్చింది. గని దగ్గరికి వచ్చిందా?

ముగ్గురాయి ధూళి ఏళ్ళ తరబడి పీల్చినవాడి ఛాతీ చిత్రంలో దట్టమైన చుక్కలు కనబడతాయి. దీన్ని బెరిటోసిస్ అంటారు. చూపుకు భయంకరంగా వుంటుంది గాని, స్వతహాగా అది ఊపిరితిత్తిని చెడగొట్టదు. పని మానితే క్రమంగా చిత్రం తేటపడవచ్చు. చుక్కలు అంత దట్టంగా కనబడటానికి కారణం మళ్ళీ ఆ బరువే: రాంట్జెన్ తెర మీద కిరణాన్ని ఆపిన పరమాణువే ఇక్కడ కార్మికుడి రొమ్ములో కిరణాన్ని ఆపుతున్నది. కాని ప్రకృతిలో ముగ్గురాయి ఒంటరిగా వుండదు. మన జిల్లాలలో అది పలుగురాతితో కలిసివుంటుంది. పలుగురాతి ధూళి తెచ్చేది సిలికోసిస్. అది తేటపడదు, పని మానినా ముదురుతుంది, క్షయకు వాకిలి తెరుస్తుంది. కనుక ఆ చుక్కలలో ఏది ఏ రాతిదో చదవగలిగిన కన్ను కావాలి.

1700లో, బొలోన్యాకు దగ్గరలోనే వున్న మోదెనాలో రామజ్జీని అనే వైద్యుడు వృత్తిరోగాల మీద తొలి సమగ్ర గ్రంథం ప్రచురించాడు. రోగిని అడగవలసిన ప్రశ్నలకు అతడు ఒకటి చేర్చాడు: నీ వృత్తి ఏమిటి? మూడు వందల ఏళ్ళు దాటినా ఆ ప్రశ్న ఇంకా కొన్ని గుమ్మాలు దాటలేదు. నేనెరిగిన ఒకాయన ఇరవై ఏళ్ళు గనిలోనూ, తరువాత రాళ్ళు కోసే మిషన్ల దగ్గరా పనిచేశాడు. ఆయాసంతో ఒక ఆస్పత్రికి పోతే ఫిల్ము తీసి క్షయ అన్నారు. నెలల తరబడి మందులు మింగాడు, గుణం లేదు. మరో ఊళ్ళో మరో వైద్యుడు అదే ఫిల్ము వెలుతురుకు పెట్టి చూసి, "ఏం పని చేస్తాంటివి పెద్దాయనా?" అని అడిగాడట. ఆ పెద్దాయనకు అప్పటికి యాభై నిండలేదు. అన్ని నెలలలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆ వైద్యుడే.

దీన్ని ఒక వైద్యుడి అజ్ఞానంగా, మరొకరి మంచితనంగా తీసుకుంటే మనం మళ్ళీ యాదృచ్ఛికవాదంలోకే పోతాము. ప్రశ్న అడగకపోవటానికి ఒక వ్యవస్థ వుంది. 1952 గనుల చట్టం కింద చేసిన 1955 నియమాలు గనిపనివాడికి నియమిత వ్యవధిలో వైద్యపరీక్ష, ఛాతీ ఎక్స్-రే జరగాలన్నాయి. సిలికోసిస్‌ను తెలియజేయవలసిన రోగంగా ప్రకటించారు. వృత్తిరోగానికి పరిహారం ఇవ్వాలని చట్టం చెప్పింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన కోడ్‌లో ఆ పాత గనుల చట్టాన్ని కలిపివేశారు. అక్షరానికి లోటు లేదు. కాని పరీక్ష జరగాలంటే మస్టరు పుస్తకంలో పేరు వుండాలి. మేస్త్రీ కింద రోజుకూలికి వచ్చి, ఈ వారం ఇక్కడ, వచ్చే వారం అక్కడ పనిచేసేవాడికి మస్టరు లేదు. కనుక ఫిల్ము లేదు. కనుక చట్టం దృష్టిలో రోగమూ లేదు. ఎక్స్-రే ఫిల్ము వైద్యానికి మాత్రమే పనికివచ్చే వస్తువు కాదు. అది సాక్ష్యపత్రం. ఎవరి ధూళి ఎవరి రొమ్ములో చేరిందో అది చెప్పగలదు. అందుకే అది తీయించటంలో ఒక వర్గానికి అంత బద్ధకం.

9

ఇటీవలి సంవత్సరాలలో చేతితో మోయగల ఎక్స్-రే పరికరాలు క్షయ శిబిరాలకు వస్తున్నాయి. తెరలు వేయింతలు మెరుగైనాయి. ఒకనాడు డాలీ చేతులను తినివేసిన కిరణం ఇవాళ అతి స్వల్ప మోతాదుతో పని ముగిస్తున్నది. పరికరం బరువని, ఖరీదని, కరెంటు లేదని చెప్పే సాకులు ఒక్కొక్కటే రాలిపోతున్నాయి. మదనపల్లె పల్లెలకు 1950లలోనే తెరను మోసుకొని పోగలిగారు గదా. నేడు గని ఒడ్డుకు మోయలేకపోవటానికి సాంకేతిక కారణం ఏదీ మిగలలేదు. మిగిలినది సామాజిక కారణమే.

కాబట్టి విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ నా మనవి ఇది. సైన్సు మాస్టరు ఎక్స్-రే పాఠం చెప్పేటప్పుడు రాంట్జెన్‌తో పాటు కాషారోలోను, గైస్లర్‌ను, డాలీని చెప్పాలి. ముగ్గురాయి ముక్క ఒకటి పిల్లల చేతిలో పెట్టి బరువు చూడమనాలి. మన సీమలో దానికి కొదవ లేదు. సాహిత్యం చెప్పే మావంటివారు శ్రమను వర్ణించే పద్యాలతో తృప్తిపడక, శ్రమ చేసినవాడి ఛాతీ చిత్రాన్ని కూడా ఒక చారిత్రక పత్రంగా చదవటం నేర్చుకోవాలి. కార్మిక సంఘాలు కూలిరేటుతో పాటు మూడు కోర్కెలు పెట్టాలి: మేస్త్రీ కింద పనిచేసే ప్రతివాడి పేరు మస్టరులోకి రావాలి, ఏ ధూళి ఏదో తెలిసిన వైద్యుడు ఫిల్మును చదవాలి, ఆ ఫిల్ము నకలు కార్మికుడి ఇంటికి చేరాలి.

బేరియం పరమాణువుకు కిరణాన్ని ఆపి వెలుగుగా మార్చే గుణం ప్రకృతి ఇచ్చింది. రాతిలోంచి దాన్ని వెలికితీసే శక్తి మనిషి శ్రమది. ఆ వెలుగు ఎవరి మీద పడాలో నిర్ణయించేది ప్రకృతీ కాదు, అదృష్టమూ కాదు. అది మనం నిర్ణయించుకోవలసిన విషయం.